తోకలో గంట

రెండో ప్రపంచయుద్ధంలో కూలిపోయిన ఫైటర్ పైలట్లలో చాలామంది తమను కొట్టినవాణ్ణి చూడనేలేదు. వాడు వెనక నుంచి వస్తాడు, అదీ కాస్త దిగువ నుంచి. అటు చూద్దామంటే తోక అడ్డం, విమానం ఒళ్ళే అడ్డం. పీ-51డీ మస్టాంగ్ ఫైటర్‌కు బుడగలాంటి పారదర్శక కప్పు బిగించాక వెనక్కి చూసే వీలు బాగా పెరిగింది గానీ, తోక కింది భాగం అప్పటికీ కనిపించేది కాదు. ఇంగ్లండ్ నుంచి బెర్లిన్ దాకా బాంబర్లకు కాపలాగా వెళ్ళి రావడమంటే గంటల తరబడి సీటుకు కట్టుబడి ఉండటమే. ముఖానికి ఆక్సిజన్ మాస్కు, ఒంటి మీద బరువైన దుస్తులు. అలసిన మెడ ఎన్నిసార్లని వెనక్కి తిరుగుతుంది? తిరగని ఆ ఒక్కసారి కోసం తయారైన పరికరమే ఏఎన్/ఏపీఎస్-13, తోక హెచ్చరిక రాడార్. ఈరోజు కంప్యూటర్ ముందు కూర్చుని మస్టాంగ్ నడిపేవాళ్ళ చెవుల్లో మోగుతున్నది దాని గంటే.

ఆలోచన మొదట బ్రిటన్‌ది. రాత్రిపూట జర్మనీ మీదికి వెళ్ళే బాంబర్లను జర్మన్ నైట్ ఫైటర్లు వెనక నుంచి వేటాడేవి. వాటిని ముందే పసిగట్టడానికి 1942లో మోనికా అనే సెట్ తయారుచేశారు. సుమారు 300 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆ సెట్ తోక వైపు నుంచి తరంగాలు పంపి, అవి దేనికైనా తగిలి తిరిగొస్తే సిబ్బంది చెవుల్లో చప్పుడు చేసేది. చీకట్లో ఒకే దారిన వందల బాంబర్లు పోతుంటే ఆ చప్పుడుకు అంతుండేది కాదు. వెనక ఉన్నది తోటి లాంకాస్టర్ బాంబరా, శత్రువా అన్న తేడా దానికి తెలియదు. అసలు ముప్పు మరోవైపు నుంచి వచ్చింది. కూలిన బాంబర్లలో మోనికా జర్మన్ల చేతికి చిక్కింది. దాని తరంగాలను పట్టుకుని అవి వచ్చే దిక్కుకు దారితీసే ఫ్లెన్స్‌బర్గ్ అనే రిసీవర్‌ను వాళ్ళు తయారుచేసి తమ నైట్ ఫైటర్లకు బిగించారు. బాంబర్ తన ప్రాణం కాపాడుకోవడానికి పంపుతున్న తరంగమే దాని ఆచూకీ చెప్పేసింది. 1944 జులై 13న ఒక జర్మన్ నైట్ ఫైటర్, యుంకర్స్-88, దారి తప్పి ఇంగ్లండ్‌లోని వుడ్‌బ్రిడ్జ్ రన్‌వే మీద వాలింది. అందులో ఫ్లెన్స్‌బర్గ్ దొరికాక, పరీక్షలు చేసి చూసుకున్నాక, బాంబర్ల నుంచి మోనికాను పీకించేశారు.

అమెరికన్లు ఇదే ఊహను ఒంటరి పైలట్‌కు సరిపడేలా చిన్నది చేశారు. పగలు పోరాడే ఫైటర్‌కు తరంగాల వల్ల ఆచూకీ బయటపడుతుందన్న భయం తక్కువ, అది ఎలాగూ కంటికి కనిపిస్తూనే ఉంటుంది. ఏపీఎస్-13 సుమారు 415 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఆ తరంగం పొడవు 72 సెంటీమీటర్లు, అందులో సగం 36. అంటే యాంటెన్నా మూరెడు కూడా ఉండక్కర్లేదు. మస్టాంగ్ నిలువు తోకకు రెండువైపులా పొడుచుకొచ్చిన సన్నటి కడ్డీలు అవే. థండర్‌బోల్ట్, లైట్నింగ్ ఫైటర్లకు కూడా ఇదే సెట్ అమర్చారు.

దీని నిర్మాణంలో నాకు బాగా నచ్చేది దీనికి తెర లేకపోవడం. అప్పటి రాడార్ అంటే ఆపరేటర్ ఒకడు గుడ్డి వెలుగు గీతల మీదికి వంగి కూర్చుని లెక్కలు కట్టాలి. ఫైటర్‌లో ఉన్నది ఒక్క మనిషి. వాడి కళ్ళు ఆకాశానికి కావాలి, చేతులు కర్రకూ థ్రాటిల్‌కూ కావాలి. అందుకని రాడార్ చెప్పాల్సినదంతా ఒక దీపానికీ ఒక గంటకూ కుదించారు. వెనక సుమారు 200 గజాల నుంచి 800 గజాల లోపు ఏదైనా ఉంటే దీపం వెలుగుతుంది, గంట మోగుతుంది. ఎంత దూరంలో ఉందో, ఎడమా కుడా, పైనా కిందా, ఒకటా నాలుగా, ఏదీ చెప్పదు. వెనక ఎవరో ఉన్నారు, చూసుకో అంటుంది, అంతే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పైలట్‌కు అందేంత సమాచారం ఎంతో ఆ ఇంజినీర్లకు బాగా తెలుసు.

ఆ రెండు అంకెలకూ కారణాలున్నాయి. రాడార్ తరంగం పంపుతున్నంతసేపూ దాని రిసీవర్ ఏమీ వినలేదు. 200 గజాల అవతల వస్తువుకు తగిలి తిరిగి రావడానికి తరంగానికి పట్టేది మైక్రోసెకను కంటే కాస్త ఎక్కువ. అంతకంటే దగ్గరున్నవాడి ప్రతిధ్వని, పంపిన తరంగం హోరులోనే కలిసిపోతుంది. ఇక 800 గజాల హద్దు పోరాటానికి సరిపోయేదే. శత్రువు మనకంటే గంటకు 100 మైళ్ళు ఎక్కువ వేగంతో తరుముకొస్తున్నాడనుకుంటే సెకనుకు 49 గజాలు దగ్గరవుతాడు. గంట మొదలైన క్షణం నుంచి 200 గజాలకు చేరడానికి వాడికి పట్టేది 12 సెకన్లు. కాల్పులు మొదలుపెట్టడానికి అంత దగ్గరికి రానక్కర్లేదు కాబట్టి పైలట్‌కు నిజంగా మిగిలేది అంతకంటే తక్కువే. మస్టాంగ్‌ను ఒక్క ఊపున పక్కకు వంచి మలుపు తిప్పడానికి అది చాలు.

ఒక చిక్కు మాత్రం తీరలేదు. విమానం బాగా కిందికి దిగితే నేల నుంచే తరంగాలు తిరిగొచ్చి గంట అదేపనిగా మోగేది. రైళ్ళనూ లారీలనూ కొట్టడానికి చెట్ల ఎత్తున పోయే వేళ సెట్ కట్టేసుకోవడం తప్ప దారి లేదు.

ఈ కథలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టే మలుపు ఇక్కడే ఉంది. లాస్ అలమోస్‌లో అణుబాంబు తయారుచేస్తున్నవాళ్ళకు, బాంబు నేలను తాకకముందే సరైన ఎత్తులో పేలాలన్న సమస్య ఎదురైంది. పడిపోతున్న బాంబు తన కింద నేల ఎంత దూరంలో ఉందో తానే తెలుసుకోవాలి. రాబర్ట్ బ్రోడ్ నాయకత్వంలోని ఫ్యూజు బృందం అందుకు ఏపీఎస్-13ను తీసుకుని మార్పులు చేసింది. దానికి 'ఆర్చీ' అని ముద్దుపేరు. ఒక్కో బాంబులో నాలుగు ఆర్చీలు. వాటిలో ఏ రెండైనా ఎత్తు వచ్చిందని ఒప్పుకుంటేనే పేలుడు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద వదిలిన బాంబు దాదాపు 44 సెకన్లు కిందికి పడింది. మొదటి 15 సెకన్లు టైమర్లు దాన్ని మూగగా ఉంచాయి, ఆ తరువాత గాలి ఒత్తిడిని బట్టి పనిచేసే స్విచ్‌లు దారి తెరిచాయి, చివరి మాట ఆర్చీలది. సుమారు 1,900 అడుగుల ఎత్తులో అది పేలింది. గజాల్లో చూస్తే 633. ఏపీఎస్-13 తోకలో ఉన్నప్పుడు వినగలిగిన దూరం లోపలే అది. నేలకు మోగడమే మస్టాంగ్ పైలట్లను విసిగించిన లోపం, బాంబులో ఆ నేలకు మోగడమే దాని పని అయింది. ఒక మనిషిని వెన్నుపోటు నుంచి కాపాడటానికి చేసిన పరికరం ఒక ఊరు కాలిపోవాల్సిన క్షణాన్ని నిర్ణయించింది. మూడు రోజుల తరువాత నాగసాకిలోనూ అంతే.

యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సెట్లు అమెరికా సంతల్లో చవగ్గా దొరికాయి. హామ్ రేడియోవాళ్ళు వాటిని కొని, కాస్త మార్చి, 420 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మాట్లాడుకోవడానికి వాడుకున్నారు. పనిచేసే స్థితిలో ఉన్న మస్టాంగ్‌లు ఇప్పుడు తక్కువే, వాటి వెనక రాడార్‌కు పనిపెట్టే శత్రువూ లేడు. ఆ గంటను వాడి చూడగలిగే చోటు సిమ్యులేటరే.

ఈగిల్ డైనమిక్స్ సంస్థ డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్ కోసం 2012లో చేసిన పీ-51డీలో ఈ రాడార్‌ను కూడా పెట్టారు. కాక్‌పిట్ కుడిపక్కన దాని స్విచ్‌లు ఉంటాయి. పవర్ వేసి, పరీక్ష స్విచ్ నొక్కితే దీపం వెలిగి గంట మోగాలి. కంప్యూటర్‌లో తరంగాలూ ప్రతిధ్వనులూ నిజంగా ఉండవు. ఆకాశంలో ఎవరెక్కడున్నారో కంప్యూటర్‌కు ముందే తెలుసు. కోరుకుంటే ఆ సమాచారమంతా ఆటగాడి చేతికి ఇచ్చేయవచ్చు. తెలిసినదంతా దాచి, పాత సెట్‌కు తెలిసినంతే చెప్పడంలో ఉంది ఇక్కడి పనితనం. శత్రువుల పక్కన పేర్లూ దూరాలూ తెర మీద చూపించే సెట్టింగ్ పెట్టుకుని ఆడేవాళ్ళకు ఈ గంట ఎందుకో అర్థం కాదు. అవి తీసేసి చూడండి. చదునైన తెర ముందు కూర్చున్నవాడికి పక్కచూపు లేదు, ఒంటికి గాలి కుదుపు తగలదు, నిజమైన పైలట్ కంటే వాడికే వెనక ఎక్కువ గుడ్డి. ఆ స్థితిలో మోగే గంట వెన్ను నిటారు చేస్తుంది.

వాడుక కూడా అప్పటి పైలట్‌కు ఎలాగో ఇప్పుడూ అలాగే. తగినంత ఎత్తుకు ఎక్కాక సెట్ వేయాలి, నేలకు దగ్గరగా దిగేముందు కట్టేయాలి. మన జట్టువాడు వెనక చేరినా మోగుతుంది కాబట్టి వాడు ఎటు పక్కన, ఎంత దూరంలో ఎగురుతున్నాడో ఎప్పటికప్పుడు మనసులో ఉండాలి. వాడు పక్కనే కనిపిస్తుండగా గంట మోగిందంటే ఆలోచించడానికి ఏమీ లేదు, వంచి తిప్పాల్సిందే. మలుపులో ఉండగా గంట ఆగిపోతే చాలామంది ఊపిరి పీల్చుకుని విమానాన్ని సరిచేస్తారు. శత్రువు 800 గజాల అవతలికి వెనకబడినా గంట ఆగుతుంది, 200 గజాల లోపలికి వచ్చేసినా ఆగుతుంది, పక్కకు తప్పుకుని రాడార్ చూపుకు అందకపోయినా ఆగుతుంది. ఆ మూడింటిలో ఏది జరిగిందో సెట్ చెప్పదు. వాడు కంటికి చిక్కేదాకా మలుపు వదలకూడదు.