ఆకాశమున అద్దె యిల్లు

లక్జెంబర్గు మిక్కిలి చిన్న దేశము. 1933లోనే అచటి రేడియో ఆంగ్లశ్రోతలను ఆకట్టుకొని బి.బి.సి.కి కంటగింపైనది. అదే తెగువతో 1985లో, ప్రభుత్వపు అండతో, ఎస్.ఇ.ఎస్. అను ఉపగ్రహసంస్థ అచట వెలసినది. టెలివిజన్ కార్యక్రమములు దానివి కావు. ఆకాశమున చోటు మాత్రమే దానిది. అద్దెదారు కుదురక మునుపే ఇల్లు కట్టినట్లు, ముందుగా ఉపగ్రహమును చేయించిరి! 1988లో మర్డాక్ గారి 'స్కై' నాలుగు ప్రసారమార్గములను బాడుగకు గైకొనెను. ఆ డిసెంబరు 11న 'ఆస్ట్రా 1ఎ' 16 మార్గములతో నింగి కెగసినది.

1991లో రెండవ ఉపగ్రహమును తొలిదాని చెంతనే, తూర్పు 19.2 డిగ్రీలకడ నిలుపుట వారి అసలు నేర్పు. ఇంటిమీది డిష్షును త్రిప్పనక్కరలేకయే వీక్షకులకు ప్రసారములు ఇనుమడించెను. 1964లో పలుదేశములు కలిసి నెలకొల్పగా 2001లో ప్రైవేటుపరమైన ఇంటెల్‌శాట్‌ను, 2025 జూలైలో ఈ సంస్థయే కొనుగోలు చేసెను.