ఎద్దు ఆగమన్న చోటు: హోసూరు నుంచి కృష్ణగిరి దాకా మా మొదటి రోజు

బండి ప్రయాణం ఎలా సాగిందని చాలామంది అడుగుతున్నారు. అన్ని రోజుల కథా ఒకేసారి రాస్తే మీరూ చదవలేరు, మేమూ రాయలేం. అందుకే ఇప్పటికి మొదటి రోజు సంగతే చెబుతాం. చరిత్ర మీద మాకున్న కొన్ని అభిప్రాయాలు ఆ ఒక్క రోజులోనే మారిపోయాయి.

ముందు బండి గురించి. మూడు కుటుంబాలం కలిసి ఒక పాత టెంపో వ్యాను మాట్లాడుకున్నాం. వెనక సీట్లు తీసేసి బల్లలు వేశాం, బల్లల మీద పరుపులు పరిచాం. చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ళ క్యాన్లు, ఒక టార్పాలిన్ పట్ట. లక్షలు పోసి కొనే క్యాంపర్‌వ్యాను కాదు, మన స్తోమతకు తగ్గ బండి. హోసూరులో బయలుదేరి కృష్ణగిరి, కుప్పం, మదనపల్లె, అనంతపురం మీదుగా గుత్తి, పత్తికొండ చేరాలని అనుకున్నాం. మొదటి రాత్రి కుప్పంలో పడుకోవాలి.

ఈ దారే ఎందుకంటే, థామస్ మన్రో కోసం. 1792 శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాన్ బారామహల్ ప్రాంతాన్ని కుంపిణీకి వదులుకున్నాడు. కృష్ణగిరి ఆ ప్రాంతంలోనిదే. అక్కడ శిస్తు తేల్చడానికి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ వచ్చాడు. అతని సహాయకుల్లో ఒకడు మన్రో. రీడ్ తిరుపత్తూరులో ఉంటే, మన్రో ధర్మపురి కేంద్రంగా 1799 దాకా పనిచేశాడు. కోటలో కూర్చుంటే జరిగే పని కాదది. డేరాలు వేసుకుంటూ, ఊరూరూ తిరుగుతూ, పొలం పొలం చూసి, రైతుతో నేరుగా మాట్లాడి లెక్క కట్టాలి. రైత్వారీ పద్ధతికి ఇక్కడే పునాది పడింది. మన్రో దాన్ని 1800 తర్వాత దత్తమండలాలకు, అంటే ఇప్పటి రాయలసీమకు తీసుకుపోయాడు. చివరకు మద్రాసు గవర్నరుగా ఉంటూ పర్యటనలోనే 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. ఆయన పేరును అక్కడివాళ్ళు పిల్లలకు పెట్టుకున్నారు. ఆయన వచ్చింది శిస్తు కోసమేనని మరిచిపోనక్కర్లేదు. కానీ తిరిగి చూసి నేర్చుకున్న మనిషి.

మొదటి పాఠం శూలగిరి దాటాక వచ్చింది. మేలుమలై దగ్గర దిగుడులో బండి బరువు తెలిసింది. కావలసినదానికి రెట్టింపు సామాను ఎక్కించాం. బ్రేకుల దగ్గర కాలిన వాసన వచ్చింది. పక్కకు తీసి, అరగంటకు పైగా చల్లారనిచ్చి, తర్వాత చిన్న గేరులో మెల్లగా దిగాం. ఆ అరగంటలో ఒక సంగతి గుర్తొచ్చింది. హోసూరు సముద్రమట్టానికి సుమారు 880 మీటర్ల ఎత్తులో ఉంది. కృష్ణగిరి 500 మీటర్ల పైచిలుకు. పాత సేలం జిల్లాలో హోసూరు వైపును బాలాఘాట్ అనేవారు, అంటే కనుమ పైభాగం. కనుమ కింద బారామహల్. కిందిది 1792లోనే కుంపిణీ చేతికి పోయింది. పైది టిప్పు మరణం తర్వాత, 1799లో పోయింది. యాభై కిలోమీటర్ల దూరంలో ఏడేళ్ళ తేడా. పుస్తకంలో చదివినప్పుడు అది మాకు రెండు పేర్లు మాత్రమే. బ్రేకులు కాలాక గానీ అది కొండ అని అర్థం కాలేదు.

రెండో పాఠం నీళ్ళది. క్యాన్లు మధ్యాహ్నానికే అడుగంటాయి. వంటకు, గిన్నెలు కడగడానికి, పిల్లలకు ఎంత కావాలో ఇంట్లో కుళాయి తిప్పేవాళ్ళకు తెలియదు. దక్షిణ పినాకిని మన కెలవరపల్లి ఆనకట్ట దాటి కృష్ణగిరి ఆనకట్టకు పోతుంది. మేం రోజంతా ఆ నదికి అటూ ఇటూగానే తిరిగాం, అయినా తాగునీళ్ళకు అంగడి వెతుక్కున్నాం. నందికొండల వైపు పుట్టిన రెండు పినాకినుల్లో ఒకటి అనంతపురం, నెల్లూరు వైపు పోయింది, ఒకటి మన వైపు వచ్చింది. మన భాష కూడా అట్లాగే రెండు దారులు పట్టింది.

సాయంత్రం కృష్ణగిరి కొండ ఎక్కాం. విజయనగరం నాటి కోట. కృష్ణదేవరాయల పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందని జనం చెప్పుకుంటారు. 1791లో ఇంగ్లీషు సైన్యం దాడి చేస్తే, పైనుంచి రాళ్ళు దొర్లించి తిప్పికొట్టిన కోట ఇది. దిగేసరికి చీకటి పడింది. కుప్పం పోదామని కొందరు, వద్దని కొందరు. చివరకు ఊరి బయట తెలిసినవాళ్ళ మామిడితోపులో, వాళ్ళ అనుమతితో బండి నిలిపాం.

ఆ ఇంటి అవ్వ బండి చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగి చూసి అడిగింది.

"యాడికి నాయనా, ఇంత సంసారం కట్టుకోని పోతా ఉండారు?"

చెప్పాం. ఈ పొద్దుకు కుప్పం చేరాల్సిందని, ఆలస్యమైందని కూడా చెప్పాం. అవ్వ నవ్వింది. తన చిన్నప్పుడు ఎద్దులబండిలో తిరుపతికి పోయారట. రాగిపిండి, ఊరగాయ, చింతపండు, ఎద్దులకు మేత, అంతే సామాను.

"మనం అనుకున్న చోట ఆగేది కాదు నాయనా. ఎద్దు ఆగమన్న చోట ఆగేది. నీళ్ళు, నీడ ఉంటే అదే మజిలీ."

తర్వాత ఆ దారిలో ఆగిన చోట్లన్నీ వరసగా చెప్పింది. సత్రం, చెరువుగట్టు, సంతమైదానం, చింతతోపు. అందులో సగం పేర్లు ఇప్పుడు ఏ బోర్డు మీదా కనిపించవు. మాతో వచ్చిన ఒక పిల్లవాడు ఆ పేర్లు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత తీసి చూస్తే పేర్లన్నీ తెలుగే, అక్షరాలు మాత్రం తమిళం.

వాణ్ని ఏమీ అనలేదు. వాడికి వచ్చిన అక్షరాలు అవే. 1956లో రాష్ట్రాలు భాషల ప్రకారం ఏర్పడినప్పుడు మనం మద్రాసు వైపు ఉండిపోయాం. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం మనకు అన్నం పెట్టే భాష, దాని మీద మనకు కోపం లేదు. పిల్లలు బాగా నేర్చుకోవాలి. కానీ ఇంట్లో నేర్పాల్సిన అక్షరాలు ఇంట్లో నేర్పకపోవడం మన తప్పే. ఆ నింద ఏ ప్రభుత్వం మీదా వేయలేం.

ఆ రోజు అనుకున్నంత దూరం పోలేకపోయాం. పోయి ఉంటే అవ్వ మాట వినేవాళ్ళం కాదు. మన్రో లాంటి పరాయి మనిషి మన ఊళ్ళలో డేరా వేసుకుని మన పెద్దల మాట విని రాసుకుపోయాడు. ఇక్కడే పుట్టిన మనం మాత్రం జాతీయ రహదారి మీద గంటలో దాటిపోతున్నాం.

అందుకే సభ్యులకు ఒక మనవి. ఈ నెలలో ప్రతి ఇంటివాళ్ళూ ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని, వాళ్ళ చిన్ననాటి ప్రయాణం ఒకటి రాయించండి. ఏ అక్షరాల్లో రాసినా ఫరవాలేదు, తెచ్చి ఇవ్వండి. వాటిని తెలుగు అక్షరాల్లోకి మార్చే పని మనం పిల్లలతోనే చేయిద్దాం. మొదటి కాగితం మా దగ్గరే ఉంది. ఆ పిల్లవాడు రోజుకు రెండు పేర్ల చొప్పున తిరగరాస్తున్నాడు.