ఏడేళ్ల సరిహద్దు కోట

హోసూరు నుంచి ధర్మపురి దారిలో రాయకోట ఊరు రాకముందే కొండ కనిపిస్తుంది. కింద టమాటా లారీలతో కిటకిటలాడే ఊరు, పైన రాతిగుండ్ల కుప్ప. దగ్గరికెళితేగానీ అది కోటని పోల్చుకోలేం. నిట్టనిలువు బండ ఉన్నచోట దాన్నే గోడ అనుకున్నారు, సందున్న చోట రాళ్లు పేర్చి మూశారు. కొండదుర్గాలు కట్టినవాళ్ల పొదుపు అలాంటిది.

కింద బారామహల్ మైదానం, పైన మైసూరు పీఠభూమి. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎక్కే కనుమను ఈ దుర్గం కాస్తుంది. 16వ శతాబ్దం చివర గోల్కొండ సైన్యం పెనుకొండను ముట్టడించినప్పుడు జగదేవరాయలు దాన్ని కాపాడాడు. అందుకు విజయనగర రాజు ఇచ్చిన సీమల్లో బారామహల్ ఒకటి. ఆయన వంశం తర్వాత ఈ నేల చాలా చేతులు మారింది. మధ్యలో కడప నవాబులు కూడా ఏలారు. చివరికి హైదరలీ చేతికొచ్చింది.

1791 జులైలో ఈస్టిండియా కంపెనీ సేనాని మేజర్ గౌడీ దళం కింది కోటను దాడి చేసి పట్టుకుంది. పైకోట లొంగిపోయింది. ఆ నిటారు బండలు చూస్తే అంత త్వరగా ఎందుకు లొంగిందా అనిపిస్తుంది. పైగా అదే ఏడాది నవంబరులో కృష్ణగిరి కొండకోట మీదికి వెళ్లిన కంపెనీ సేనాని మాక్స్‌వెల్ దళం మీద పైనుంచి బండలు దొర్లించి, కోటవాళ్లు దాన్ని వెనక్కి తరిమారు.

1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్, దాంతోపాటు రాయకోట, కంపెనీకి దక్కాయి. హోసూరు మాత్రం హైదరలీ కొడుకు టిప్పుకే మిగిలింది. అంటే ఇప్పుడు బస్సు ఇట్టే దాటించే దారి మీద అప్పుడు రెండు రాజ్యాల పొలిమేర. రాయకోట నిజంగా సరిహద్దు కోటగా బతికింది 1799 దాకా గడిచిన ఆ ఏడేళ్లే. అప్పుడే కింద బారామహల్‌లో కంపెనీ అధికారి అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో భూములు కొలిచి శిస్తు నిర్ణయిస్తున్నారు. తర్వాత దత్తమండలాల రైతులకు తెలిసిన రైత్వారీ శిస్తు పద్ధతికి తొలిపాఠాలు ఇక్కడివే. నా మట్టుకు, ఆ కాలంలో ఇక్కడ జరిగిన పనుల్లో ఫిరంగుల కన్నా ఈ లెక్కలే ఎక్కువకాలం నిలిచాయి.

1799 మార్చిలో టిప్పు మీదికి బయల్దేరిన కంపెనీ జనరల్ హారిస్ సైన్యం రాయకోట పక్కనుంచే మైసూరులోకి అడుగుపెట్టింది. వెంట నిజాం దళాలు, ఎడ్ల మీద ధాన్యం మోసుకొచ్చిన లంబాడీలు. మే 4న శ్రీరంగపట్నం కూలింది. హోసూరు ప్రాంతం కూడా కంపెనీ పాలనలోకి వచ్చింది. ఇటూ అటూ ఒకే దొరతనమయ్యాక కనుమ కాయడానికి శత్రువే లేడు.

చైనా మహాకుడ్యానికీ ఇదే గతి పట్టింది. మింగ్ రాజులు ఉత్తరాది వారిని ఆపడానికి కట్టిన గోడకు, సముద్రం ఒడ్డున షాన్‌హైగ్వాన్ ఒక ద్వారం. 1644లో దాన్ని కాస్తున్న సేనాని వూ సాన్‌గ్వీ ఉత్తరాది మంచూలతో చేయి కలిపి వాళ్లను లోపలికి రానిచ్చాడు. గోడకు రెండు పక్కలా ఏలిక మంచూలే కావడంతో కావలికి పని తగ్గిపోయింది. ఆ గోడ వేల కిలోమీటర్లు, రాయకోట ఒక్క కొండ. కానీ రెండింటినీ పని మాన్పించింది రాజకీయమే, ఫిరంగి కాదు.

1956లో భాషల లెక్కన రాష్ట్రాలు విడదీసినప్పుడు ఇక్కడ సరిహద్దు గీత మళ్లీ ముఖ్యమైంది. తెలుగూ కన్నడమూ వినిపించే హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఈసారి గీత రాయకోట దగ్గరికి రాలేదు, హోసూరుకు అవతల, అత్తిబెలె దిక్కునే ఉండిపోయింది.