అమెరికా హైస్కూలు చివరి ఏళ్లలో సైన్సు చదువు

అమెరికాలో 11, 12 తరగతులు హైస్కూలులో భాగం. మన ఇంటర్మీడియట్‌లోలా ఎంపీసీ, బైపీసీ గ్రూపులు ఉండవు; విద్యార్థి కోర్సులను విడివిడిగా ఎంచుకుంటాడు. ఎన్ని సైన్సు కోర్సులు తప్పనిసరో రాష్ట్రాలు, స్థానిక స్కూల్ బోర్డులు నిర్ణయిస్తాయి. ఫిజిక్స్ జోలికి పోకుండానే హైస్కూలు దాటే వీలు చాలాచోట్ల ఉండటం ఈ పద్ధతిలో పెద్ద లోపం. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ అన్నది వాడుకలో ఉన్న వరుస. దాన్ని తిరగేసి ఫిజిక్స్‌తోనే మొదలుపెట్టాలని నోబెల్ గ్రహీత లియాన్ లెడర్‌మన్ గట్టిగా వాదించారు.

ఫిజిక్స్ బోధనలో అసలైన మలుపు 1956లో వచ్చింది. ఎంఐటీ ఆచార్యుడు జెరోల్డ్ జకరయాస్ చొరవతో, హైస్కూలు ఫిజిక్స్ పాఠాలను మార్చేందుకు ఫిజికల్ సైన్స్ స్టడీ కమిటీ ఏర్పడింది. మరుసటి ఏడు సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించడంతో సైన్సు చదువుకు ప్రభుత్వ నిధులు పెరిగాయి. ఈ కమిటీ పాఠాల్లో అలల తొట్టి ప్రయోగం ముఖ్యమైనది. గాజు అడుగున్న తొట్టిలో కాసిని నీళ్లు పోసి, పైన దీపం వెలిగించి, నీటిని కదిలిస్తే కింద పరచిన తెల్లకాగితం మీద అలల నీడలు పడతాయి. రెండు అలలు కలిసినప్పుడు కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చెరిపేసుకోవడం పిల్లలు సూత్రం కన్నా ముందే కళ్లారా చూస్తారు. సైన్సు నేర్పాల్సిన తీరు ఇదే.

కాలేజీ స్థాయి పాఠాలు కోరుకునేవారికి కాలేజ్ బోర్డు నడిపే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులున్నాయి. మే నెలలో పరీక్ష, 1 నుంచి 5 వరకు స్కోరు. మంచి స్కోరుకు చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. అయితే ఈ కోర్సులన్నీ ప్రతి బడిలోనూ దొరకవు.