పిల్లల్ని బయటికి తీసుకెళ్లాలంటే ముందు సార్‌కి తోడు కావాలి: రామగిరి నుంచి ఒక చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రామగిరి గురించి మాట్లాడుకుందాం. రాజుల కథ కాదు, బడి కథ.

పెద్దపల్లి జిల్లాలో, బేగంపేట ఊరి పక్కన రామగిరి ఖిల్లా ఉంది. కాకతీయుల కాలం నుంచి పేరున్న కోట. గుట్ట నిండా ఔషధ మొక్కలే. అందుకే బాటనీ, ఆయుర్వేదం చదివే స్టూడెంట్స్ ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికొస్తారు. ఇంకో దిక్కు చూస్తే సింగరేణి ఆర్జీ-3, సెంటినరీ కాలనీ. ఓపెన్‌కాస్ట్ నుంచి తీసిన మట్టి గుట్టలు గుట్టలుగా పోసి ఉంటుంది. ఇంకొంచెం దూరం పోతే గోదావరి. గోదావరిఖని పేరులోనే నది, గని రెండూ ఉన్నాయి కదా!

ఇప్పుడు ఒక ప్రశ్న. ఇంత పెద్ద క్లాస్‌రూమ్ బయట ఉంటే, ఇక్కడి పిల్లలు బొగ్గు గురించి పుస్తకంలో బొమ్మ చూసే ఎందుకు నేర్చుకోవాలి?

ముందు ఆ క్లాస్‌రూమ్ ఎంత పెద్దదో చూద్దాం. మన గోదావరి లోయ బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడినది. అప్పటి అడవుల్లో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఉండేది. దాని ఆకు అచ్చులు మన దేశంలోనే కాదు, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా రాళ్లలో కూడా దొరికాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ కెప్టెన్ స్కాట్ బృందం మంచులో చనిపోయింది. వాళ్ల దగ్గర దాదాపు 16 కిలోల రాళ్లు దొరికాయి. వాటిలోనూ అదే ఆకు! ఈ భూములన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవి. ఆ మహాఖండానికి గోండ్వానా అని పేరు. ఎవరి పేరది? మన గోండుల పేరే. అంటే ఆదిలాబాద్ అడవుల్లో ఉండే మనుషుల పేరు భూగోళ చరిత్రకెక్కింది. ఈ మాట గుట్ట మీద నిలబడి, చేతిలో రాయి పట్టుకుని చెప్తే పిల్లాడు జన్మలో మర్చిపోడు.

సరే, బయటికెళ్లి నేర్చుకోవాలన్న ఆలోచన కొత్తదా? కానే కాదు. 1901లో టాగోర్ శాంతినికేతన్‌లో చెట్ల కింద బడి పెట్టారు. 1937లో గాంధీజీ వార్ధాలో నయీ తాలీమ్ అన్నారు. చేతి పని, ఊరి బతుకే చదువుకి పునాది కావాలన్నారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి సూత్రమే బడి బయటి జీవితంతో చదువుని కలపాలని. 2020 విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు బ్యాగు లేని రోజులు ఉండాలంది.

వందేళ్లకు పైగా అందరూ చెప్తూనే ఉన్నారు. మరి ఎందుకు జరగట్లేదు? సార్లకు ఇష్టం లేకనా?

ఒక విషయం గుర్తు చేసుకుందాం. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో డ్యాం నీళ్లు ఒక్కసారి వదిలారు. టూర్‌కెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ వార్త చూసిన ఏ టీచర్‌కైనా పిల్లల్ని నది ఒడ్డుకి తీసుకెళ్లాలంటే గుండె దడ పుడుతుంది. మన గోదావరి మీద కూడా ఎల్లంపల్లి గేట్లున్నాయి. ఒక్క సారు, నలభై మంది పిల్లలు. ఏదన్నా జరిగితే సంతకం ఎవరిది? ఆ భయం ఉత్త సాకు కాదు, న్యాయమైన భయం.

అందుకే చరిత్రలో ఈ పని ఎక్కడ నిలబడిందో చూడాలి. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో ఒక సైన్స్ ప్రోగ్రామ్ మొదలైంది. పిల్లలు పొలాల్లో తిరిగి ఆకులు, పురుగులు, మట్టి చూసి నేర్చుకునేవారు. పిల్లల కంటే ముందు ఆ ప్రయోగాలు చేసింది ఎవరో తెలుసా? టీచర్లే. ఎండాకాలం సెలవుల్లో ట్రైనింగ్, నెలనెలా మీటింగ్. పెద్ద పెద్ద సైంటిస్టులు వచ్చి వాళ్ల పక్కన కూర్చునేవారు. అట్లా నడిచి వందల బడులకు పాకింది. 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా ముప్పై ఏళ్లు బతికింది.

మన తెలుగు నేల మీద కూడా ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ చుట్టుపక్కల ఊళ్లలో చిన్న చిన్న బడులు పెట్టారు. చాలావాటిలో ఒకే టీచర్. ఆ ఒక్క మనిషికి పాఠాలన్నీ కార్డులుగా, మెట్లు మెట్లుగా తయారుచేసి ఇచ్చారు. బడి చుట్టూ చెట్లు పెంచారు. పిల్లలు కార్డు తీసుకుని ఎవరి మెట్టు మీద వాళ్లు ఎక్కుతుంటే, టీచర్ అవసరమైనవాళ్ల దగ్గర కూర్చోవచ్చు. ఈ పద్ధతి చూసే తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల్లో కార్డుల చదువు వచ్చింది.

రెండు చోట్లా ఒకటే రహస్యం. "పిల్లల్ని బయటికి తీసుకెళ్లు" అని సర్క్యులర్ పంపి ఊరుకోలేదు. టీచర్‌కి తోడు నిలబడ్డారు.

మరి రామగిరిలో తోడు అంటే ఏంటి? ఫస్ట్, సారు పిల్లలు లేకుండా ఒకసారి గుట్ట ఎక్కి రావాలి. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ జారుతుంది, ఎక్కడ ఆగి ఏం అడగాలి, అన్నీ చూసుకోవాలి. ఆ రోజు కూడా డ్యూటీ కిందే లెక్కపెట్టాలి. సెకండ్, బాధ్యత ఒక్కరి మెడకు చుట్టకుండా హెడ్‌మాస్టర్, తల్లిదండ్రులు, ఊరివాళ్లు పంచుకోవాలి. పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషన్నా ఉండాలి.

థర్డ్, గని సంగతి. 1952 గనుల చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పని నడిచే గనిలో ఉండనిచ్చేది కాదు. మంచి చట్టమే. కానీ దానివల్ల కార్మికుడి బిడ్డ నాన్న పనిచేసే చోటు చూడలేదు. అయితే నాన్ననే, తాతనే బడికి పిలవొచ్చు కదా! తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన రిటైర్డ్ కార్మికులు మన బస్తీల్లో ఎంతమంది లేరు? కప్పు కూలే ముందు శబ్దం ఎట్లుంటుందో వాళ్లకు తెలిసినంత ఏ పుస్తకానికి తెలుసు? సింగరేణి కంపెనీ ఏర్పడింది 1920 డిసెంబర్ 23న. ఆ తేదీ పిల్లలు బట్టీ పడతారు. దాని వెనక చెమట కథ మాత్రం ఆ తాతలతోనే పోతోంది. అది పోకముందే పిల్లలు వినాలి.

మీ ఊళ్లో ఏ సారైనా, మేడమైనా పిల్లల్ని గుట్టకు తీసుకెళ్తా అంటే, "ఎందుకొచ్చిన తంటా" అనకండి. "నేను కూడా వస్తా, ముందు నడవాలా, వెనక నడవాలా?" అని అడగండి. టీచర్‌కి కావాల్సిన తోడు అదే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.