రేడియో బల్ల మీద రౌటరు

మా నాన్నగారు రేడియో కొనడానికి రెండేళ్ళు ఆలోచించారు. మా అబ్బాయి రౌటరు కొనడానికి రెండు నిమిషాలు కూడా అక్కర్లేదంటున్నాడు. ఈ రెంటి మధ్యా అరవై యేళ్ళు గడిచిపోయాయి గాని, మా మండువా ఇల్లు మాత్రం ఉన్నచోటనే ఉంది.

మాది చేబ్రోలు. గుంటూరు నించి పొన్నూరు వెళ్ళే దారిలో, కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ కొలువున్న ఊరు. సంగతేమిటంటే, మా కోడలు హైదరాబాదు కంపెనీ ఉద్యోగం ఇక్కడ ఇంట్లో కూచునే చేస్తోంది. ఈ మధ్య మీటింగు నడుస్తుండగా బొమ్మ బిగుసుకుపోవడం, మాట తెగిపోవడం మొదలైంది. "ఇలాగైతే మీరు ఆఫీసుకే వచ్చెయ్యండి" అన్నారట పైవాళ్ళు. ఆ మాటకి అర్థం, అబ్బాయి, కోడలు, నాలుగేళ్ళ మనవరాలు ముగ్గురూ సామాను సర్దుకోవడమే. మా ఆవిడ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

"కొత్తగా వై-ఫై 7 రౌటర్లొచ్చాయి నాన్నగారూ! పద్దెనిమిది వేలు. తెచ్చి పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది" అన్నాడు అబ్బాయి.

నేను హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ వస్తువు కొనమన్నా ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు అడగడం నాకు అలవాటు. "రేపటి దాకా ఆగు" అన్నాను.

ఇంటికి వైర్‌లెస్ రావడం మనకి కొత్తేమీ కాదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ రోజుల్లో రేడియో కొంటే సరిపోయేది కాదు, 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్సు కూడా ఉండాలి. మా నాన్నగారు ఏడాదికోసారి పోస్టాఫీసుకి వెళ్ళి, రుసుం కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకొచ్చేవారు. వినడానికి కూడా సర్కారు వారి సెలవు కావాలన్నమాట! మరి ఇవాళ మన రౌటరు వినడమే కాదు, పొద్దస్తమానం ప్రసారం కూడా చేస్తోంది. లైసెన్సు ఊసే లేదు. ఎందుకంటే 2005 జనవరిలో మన ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల బాటకి లైసెన్సు అక్కర్లేదని ప్రకటించింది. కాకపోతే ఒక కట్టడి పెట్టింది. యాంటెన్నా బలంతో కలిపి కూడా ప్రసారశక్తి 4 వాట్లకి మించకూడదు. మనింట్లో రాత్రిపూట వెలిగే బెడ్‌లైటు అంతకంటే ఎక్కువే తాగేది ఒకప్పుడు. అంచేత ఎక్కువ డబ్బు పోస్తే ఎక్కువ బలం వస్తుందనుకోవడం కొంత భ్రమ. బలానికి చట్టమే గిరి గీసింది.

అమెరికా వారు 1985లోనే ఇలాంటి బాటలు తెరిచారు. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది కూడా ఆ 2.4 చుట్టుపక్కలే. పొయ్యికి వదిలేసిన బాటలో కబుర్లు పంపుకోమన్నారన్నమాట. 1997లో మొదటి ప్రమాణం వచ్చింది. దాని వేగం సెకనుకి 2 మెగాబిట్లు. 1999లో ఒకేసారి రెండు వచ్చాయి, 'ఎ' అనీ 'బి' అనీ. 'బి' 11 మెగాబిట్లు, 'ఎ' 54. తమాషా ఏమిటంటే, ఆ రెండూ వేరువేరు బాటల్లో నడిచేవి. 'ఎ' పెట్టె కొన్నవాడికి 'బి' కంప్యూటరు ఎదురుగా ఉన్నా పలకదు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఏడాది పుట్టి ఒకరి భాష ఒకరికి తెలియకపోవడం లాంటిది!

ఇక్కడ నాకు మా ఊరి శాసనం గుర్తొచ్చింది. మా భీమేశ్వరాలయం బాగుచేసేటప్పుడు ఒక స్తంభం మీద రాత కనపడింది. ఊరివాళ్ళు చెబితే పురావస్తు శాఖ వారు వచ్చి చదివారు. శాతవాహన విజయుడి కాలం నాటిది, క్రీ.శ. 207 అని లెక్కగట్టారు. సంస్కృత భాష, బ్రాహ్మీ లిపి. సప్తమాతృకల ప్రస్తావన ఉన్న శాసనాల్లో ఇంతవరకూ దొరికినవాటిలో ఇదే పాతదని 2019లో ప్రకటించారు. మా ఊరి పాత పేరు తాంబ్రాపే అని కూడా అందులోనే తెలిసింది.

పద్దెనిమిది వందల ఏళ్ళు ఆ రాయి చెప్పే మాట చెబుతూనే ఉంది. వినేవాడే లేడు. రాతలో లోపం లేదు, చూసే కళ్ళలో లోపం లేదు. లిపి తెలియకపోవడమే లోపం. రౌటరు సంగతీ అంతే. అవతలి ఫోనుకి, కంప్యూటరుకి అదే లిపి తెలిసినప్పుడే దాని చదువంతా బయటపడుతుంది. వై-ఫై 7 పెట్టె పాత లిపులు కూడా మాట్లాడుతుంది, కాదనను. కాని పాత ఫోనుతో పాత వేగాన్నే మాట్లాడుతుంది. పండితుణ్ణి తెచ్చి ఓనమాలు దిద్దించుకున్నట్టు!

తొందరపడ్డవాళ్ళ కథ కూడా ఒకటి ఉంది. 'ఎన్' అనే ప్రమాణం ఇంకా ముసాయిదాగా ఉండగానే, 2006లో కంపెనీలు ఆ పేరుతో రౌటర్లు అమ్మడం మొదలుపెట్టాయి. ఒక కంపెనీ పెట్టెకీ మరో కంపెనీ పరికరానికీ సరిగా పొసగని సందర్భాలున్నాయి. 2007లో వై-ఫై అలయన్స్ అనే సంఘం రెండో ముసాయిదాని పట్టుకుని పరీక్షించి ముద్ర వెయ్యడం మొదలుపెట్టింది. అసలు ప్రమాణం 2009 సెప్టెంబరులో ఖరారైంది. ముద్ర చూసి కొన్నవాళ్ళు ఏమీ నష్టపోలేదు. అగ్‌మార్క్ చూసి నెయ్యి కొనే మన ఆడవాళ్ళకి ఈ నీతి ఎవరూ చెప్పక్కర్లేదు. వై-ఫై 7కి ఆ సంఘం వారి ముద్ర 2024 జనవరి నించి దొరుకుతోంది. కాబట్టి అది గాలివాటు సరుకు కాదు, నిజమైనదే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ కొత్త పెట్టెల్లో ఖరీదైనవి మూడో బాట మీద కూడా నడుస్తాయి, 6 గిగాహెర్ట్జ్ అని. అమెరికాలో దాన్ని 2020లో తెరిచారు. మన దేశంలో అందులో కింది 500 మెగాహెర్ట్జ్ భాగాన్ని తెరిచే ముసాయిదా నిబంధనలు 2025 మేలో గాని వెలువడలేదు. అన్నాళ్ళూ ఇక్కడ ఆ మూడో బాటకి డబ్బు పోసినవాడు, వెయ్యని రోడ్డుకి టోలు కట్టినట్టే. పైగా ఆ తరంగాలు గోడలు దాటడంలో బలహీనం. మా ఇంటి గోడలు చూశారా? ఒక్కొక్కటి మూర మందం!

మర్నాడు పొద్దున్నే అబ్బాయిని పిలిచి అడిగాను. "ఇంట్లో వై-ఫై 7 తెలిసిన పరికరాలెన్ని?"

"ఒక్కటీ లేదు. అమ్మాయి లాప్‌టాప్ వై-ఫై 6. ఫోన్లలో రెండు అదే, మీది అంతకంటే పాతది."

"మనింటికొచ్చే ఫైబర్ ఎంత?"

"వంద మెగాబిట్లు."

"మరి అట్ట మీద వేలకి వేలు వేశాడే! బోరులో నీళ్ళు లేకుండా పైపు పెద్దది వేస్తే ఏం లాభంరా?"

వాడు నవ్వాడు గాని ఒప్పుకోలేదు. "మరి తెగిపోవడం మాటేమిటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి చరిత్ర చాలదు, పరీక్ష చెయ్యాలి. కోడలి లాప్‌టాప్‌ని తీసుకెళ్ళి ఫైబర్ పెట్టెకి తిన్నగా వైరుతో తగిలించాం. రెండు గంటలు మీటింగు నడిచింది. ఒక్కసారి కూడా తెగలేదు. అంటే వీధిలోంచి వచ్చే లైను బాగానే ఉంది. దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

వెతికితే దొరికాడు. రౌటరు వీధిగదిలో ఇనప బీరువా వెనక ఉంది. కోడలు కూచునేది పెరటివైపు గదిలో. మధ్యలో రెండు మూర మందం గోడలు, వంటిల్లు, అందులో మైక్రోవేవ్. ఇన్ని దాటి వచ్చే మాట తెగక ఏం చేస్తుంది?

అప్పుడు మా నాన్నగారి రేడియో గుర్తొచ్చింది. కొనేటప్పుడు షాపువాడు డయలు మీద లండను, సిలోను పేర్లు చూపించి పొగుడుతుంటే, ఆయన "విజయవాడ స్పష్టంగా వినపడుతుందా? అది చెప్పు" అన్నారు. ఇంటికి తెచ్చాక వీధిగదిలో పెట్టలేదు. మండువాలో జల్లు పడని వైపు స్తంభానికి చెక్కబల్ల కొట్టించి దానిమీద పెట్టారు, నాలుగు గదులకీ వినపడాలని. మా కోనేట్లో బ్రహ్మగారు కూర్చున్నదీ అలాగేగా! వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు ఆయన్ని ఓ మూల కూచోబెట్టలేదు. నీటి నడుమ, నాలుగు దిక్కులకీ నాలుగు ముఖాలు కనపడేలా ప్రతిష్ఠించారు.

పాత రౌటరునే వైరు పొడిగించి ఆ రేడియో బల్ల మీద పెట్టాం. ముప్పాతిక జబ్బు ఆ సాయంత్రానికే పోయింది. మిగిలిన పాతికకీ కారణం ఉంది. పెట్టె ఆరేళ్ళ నాటిది, దానికి రక్షణ కోసం కంపెనీ పంపే సవరింపులు ఆగిపోయాయి. ఇది మాత్రం ఉపేక్షించే విషయం కాదు. మొదట్లో వచ్చిన వెప్ అనే తాళాన్ని 2001లోనే పగలగొట్టారు. తరవాత వచ్చిన తాళాలు ఒకటొకటే మెరుగుపడుతూ 2018లో మూడో డబ్ల్యుపిఎ దాకా వచ్చాయి. కంపెనీ రహస్యాలు తిరిగే ఇంటికి పాత తాళం పనికిరాదు. కొత్త రౌటరు కొనడానికి వేగం కంటే ఇది పెద్ద కారణం.

అంచేత కొన్నాం. వై-ఫై 6, మూడో డబ్ల్యుపిఎ తాళం, అలయన్స్ ముద్ర. అయిదు వేల లోపే. ఇంట్లో కొత్త ఫోన్లు, కొత్త లాప్‌టాప్‌లు నాలుగైదు ఉండి, లైను కూడా పెద్దదైతే వై-ఫై 7 నిక్షేపంలా కొనుక్కోవచ్చు. అబ్బాయితో కూడా అదే చెప్పాను. "లిపి నేర్చినవాళ్ళు ఇంటికొచ్చాక శాసనం తెద్దువుగాని."

నెల దాటింది. కోడలి మీటింగులు సాఫీగా సాగుతున్నాయి. హైదరాబాదు మాట మళ్ళీ రాలేదు. ఇకముందు రాదని నేను చెప్పలేను గాని, వస్తే అది మా గోడల వల్ల మాత్రం కాదు. మా ఆవిడ మనవరాలికి వెనకటి లాగే గోరుముద్దలు పెడుతోంది.

నాన్నగారి రేడియో లైసెన్సు పుస్తకం ఇంకా ఆ బీరువాలోనే ఉంది. రౌటరు రసీదు దాని పక్కన పెట్టాను. గ్యారంటీ మూడేళ్ళు.