ఐరేని కుండలు – చరిత్రలో కుమ్మరి స్థానం

పలాసలోనో టెక్కలిలోనో సాంస్కృతిక పునరుజ్జీవనం గురించి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు మైకెలాంజిలోను తలుస్తాడు. ఆ కాలపు కుమ్మరిని ఎందుకు తలవడు?

15, 16 శతాబ్దాలలో ఇటలీలోని ఫయెంజా, దెరూటా కుమ్మరులు కాల్చిన మట్టిపై తగరపు తెల్లపూత పూసి, మేరీమాతను, బాలయేసును చిత్రించి, మళ్ళీ కాల్చేవారు. గృహస్థులు వాటిని ఇంట ప్రార్థనకు ఉంచుకునేవారు. పూత గాజులా గట్టిపడి రంగు నిలిచింది. కలవారు దాచుకోగా వస్తువూ నిలిచింది. 1557 ప్రాంతంలో పికోల్‌పాసో ఆ పనినంతటినీ గ్రంథస్థం చేశాడు.

మన పెళ్ళిళ్ళలో కుమ్మరి ఇంటినుండి తెచ్చి పూజించే ఐరేని కుండలూ ఇటువంటివే. అయితే వాటిమీది సున్నం, రంగులు కాల్చిన తరువాత పూసినవి. నీరు తగిలితే పోతాయి. పెళ్ళితో వాటి పనీ తీరుతుంది. మన్నికనుబట్టి కళకు విలువ కట్టడమంటే, దాచుకోగలవాని కొలతతో శ్రామికుణ్ణి కొలవడమేనని నా వాదం. కుండకు మొక్కిన సమాజమే కుండ చేసినవాణ్ణి కింది మెట్టున నిలిపింది.

ఉపాధ్యాయ మిత్రులారా, విద్యార్థులను ఉద్దానం పల్లెల కుమ్మరుల వద్దకు తీసుకుపోండి. మట్టి ఎక్కడిది, ఆవం ఎలా పేరుస్తారు, ప్రతిఫలం ఎంత ముట్టేది – ఇవన్నీ అడిగి, చెప్పినవారి పేర్లతో సహా రాయించండి. చరిత్ర రచన అక్కడినుండీ సాగాలి.